రేపటి మోకాలు

“ఆ నాలుగు మోకాళ్ళూ చెడింది మీ వల్లే సార్! మీ వల్లా, మీరేమన్నా తలూపే ఈ గదిలో అందరి వల్లా!”

డాక్టరమ్మ స్కాన్ ఫిల్ములు బల్లమీద పడేసింది. మోకాలి ఎముకల మధ్య నెలవంకలా ఒక మెత్త ఉంటుంది. అది చితికి, తీసేయాల్సొచ్చినవాళ్ళకు చనిపోయిన దాత మెత్త తెచ్చి అమరుస్తారు. ఈ నాలుగూ పెద్దసారు దారంతో కుట్టినవి. నాలుగింట్లోనూ మెత్త ఎముక అంచు దాటి బయటికి జారింది.

పెద్దసారు కుర్చీలోంచి కదల్లేదు. “అరవకమ్మా. రేపటి కేసు ఎవరికివ్వాలో తేల్చుదాం.”

సిఫార్సులు దూరకూడదని ఆ ఆసుపత్రిలో కేసుకు నంబరే తప్ప పేరు చెప్పరు. నలభై ఆరేళ్ళు, కుడి మోకాలు, బయటివైపు మెత్త, రోజంతా నిలబడే ఉద్యోగం.

“బడిపంతులై ఉంటాడు పాపం,” అన్నాడు దత్తుడు. అందరూ నవ్వారు.

దత్తుడు ఆమె పెట్టిన పేరు. ఇద్దరూ ఒకే ఏడు పెద్దసారు దగ్గర చేరారు. వాణ్ణి ఆయన “నాన్నా” అని పిలుస్తాడు, ఈమెను “ఏమమ్మా” అని. నడవాలో వాడి భుజం మీద ఆయన చెయ్యి కనిపించినప్పుడల్లా ఆమెకు కడుపు రగిలిపోయేది. ఈ కేసు కూడా వాడికే పోతే ఇక్కడ తన పద్ధతికి నూకలు చెల్లినట్టే.

“నాన్నా, నువ్వెలా చేస్తావు?”

“మీరు నేర్పినట్టే సార్. మెత్త రెండు కొనలకూ దారం వేసి, ఎముకలోంచి లాగి ముడేస్తా. గంటలో అయిపోతుంది. నావి ఒక్కటీ జారలేదు.”

పెద్దసారు మురిసిపోయినట్టు తలాడించాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

“నువ్వేమమ్మా?”

“దారమొక్కటే చాలదు సార్. దాత ఎముక పట్టీతో సహా మెత్తను తెస్తా. రెండు కొనలూ ఆ పట్టీనే అంటుకుని ఉంటాయి. రోగి ఎముకలో గాడి తవ్వి పట్టీని అందులో దించుతా. ఎముకా ఎముకా అతుక్కుంటే ఇక ఎక్కడికి పోతుంది?”

“గాడే పక్కకి పోతే?” అన్నాడు పెద్దసారు.

“మెత్త బయటికొచ్చేస్తుంది. అందుకే ముందు తీగ గుచ్చి, ఎక్స్‌రేలో చూసుకుని తవ్వుతా.”

“నీవెన్ని జారాయి?”

దత్తుడు మీసాల్లో నవ్వుకున్నాడు.

“పన్నెండులో ఒకటి. తప్పు నాదే. ఆరోజు తొందరపడి ఎక్స్‌రే చూడకుండా తవ్వాను.”

“విన్నారా సార్! ఆవిడ నోటితోనే…”

“ఆగు నాన్నా. నీవి జారలేదని నీకెలా తెలుసు? స్కాన్లు తీశావా?”

“నొప్పి లేదన్నారు కదా అని… తీయలేదు సార్.”

పెద్దసారు ఫైలు మూసి, దత్తుడి భుజం మీద చెయ్యేసి మెల్లగా లేచాడు. మళ్ళీ అదే చెయ్యి! డాక్టరమ్మ ఫిల్ములు ఏరుకుంటూ పళ్ళు కొరికింది.

“ఇవ్వండి సార్, మీ అబ్బాయికే ఇవ్వండి. అయిదోది కూడా పాడు చేసుకోండి!”

“అరుపులు చాలించి ఇంటికెళ్ళి పడుకో. చెయ్యి వణక్కూడదు. ఎక్స్‌రే రెండుసార్లు చూడు,” అన్నాడు పెద్దసారు.

ఆయన కుంటుతూ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “రేపు పొద్దున నా మోకాలు నువ్వే కొయ్యాలి.”