మనసొంటి భోజనం

దసరా వెళ్ళాక మళ్ళీ మలేషియా పోదామని మా ఆయన వెంకట్రాజం జనగామ దుకాణం నుంచి వస్తూనే పటం పరిచాడు. శాకాహారం దొరికే ఊళ్ళ మీద ఎర్ర పెన్సిలుతో చుక్కలు పెడుతున్నాడు.

చూస్తుంటేనే నాకు కాళ్ళు లాగాయి. ఎనభై రెండులో పోయినప్పుడు అక్కడ నేను చూసింది ఆరు ఊళ్ళలో ఆరు లాడ్జీల స్నానాల గదులు. కరెంటు పొయ్యి వాటిలోనే పెట్టి, తాలింపు ఘాటు బయటికి పోకుండా తలుపు కింద తడి చీర కుక్కి, ఈయనకు పప్పు వండాను.

"ఈసారి పొయ్యి ఎవరు మోస్తరు?" అన్నాను.

"పొయ్యెందుకే వనమాలా? చుక్క వెట్టిన ఊర్లల్ల మనసొంటి భోజనమే, మనింట్ల తిన్నట్టే దొరుకుతదట. పోయినసారి నిన్ను పరేషాన్ చేసిన. ఈసారి నువ్వు గంటె ముట్టద్దు. గందుకే గిట్ల ఏరుతున్న."

నలభై ఏళ్ళ కాపురంలో అలాంటి మాట మొదటిసారి విన్నాను. అయినా నా నోరు ఊరుకోదు కదా.

"దానికి మలేషియా దాక ఎందుకు? ఇయ్యాల జనగామలనే మొదలువెట్టుండ్రి. బస్టాండు కాడ హోటల్ ఉండనే ఉన్నది."

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. మెల్లగా తలూపాడు.

"నిజమే. సరే గని, రాత్రికి కూరేంది?"