ఒక్క పాట మేళం

కొండ కింది అడవిలో ఎలుగుబంటి భూమయ్య బ్యాండుమేళం పెట్టాడు. బాకా తనే ఊదేవాడు. డ్రమ్ము కుందేలుది, తాళాలు ముళ్ళపందివి. ఏడాదంతా సాధన చేస్తే వచ్చింది ఒక్కటే పాట.

"ఒక్క పాటకో మేళమా? రేపు నక్క పెళ్ళిలో నవ్వులపాలవుతారు!" అంది గోరింక.

"వచ్చిందే గట్టిగా వాయిస్తాం పిన్నీ," అన్నాడు భూమయ్య.

పెళ్ళిలో ఆ పాటకి ముసలి దుప్పులు కూడా చిందులేశాయి.

మరుసటేడు గోరింక మొగుడు పోయాడు. మేళం పిలవకుండానే వెళ్ళింది. భూమయ్య అదే పాటని మెల్లగా, ఆగి ఆగి ఊదాడు. సాగనంపడానికి వచ్చినవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు.

పదిరోజులకి సాధన జరిగే చోటికి గోరింక వచ్చి, "నాకూ ఏదైనా వాయిద్యం ఉందా నాయనా?" అనడిగింది.

భూమయ్య పక్కకి జరిగి చోటిచ్చి, క్లారినెట్ అందించాడు.