అన్నిటికంటే పొడవైన సినిమా

నాన్న తివాచీల మగ్గం షెడ్డు అక్కనైన నా పేర రాశాడని నా తమ్ముడు మోయిన్ మూడేళ్లు నాతో మాట్లాడలేదు. ఈ ఆదివారం తనే వచ్చి, ఏలూరు ఫిల్మ్ క్లబ్బులో సినిమాకి తీసుకెళ్లాడు.

ఫ్రెంచి సినిమా. పండగ సెలవులకి తోబుట్టువులంతా ఒక ఇంట్లో కలుస్తారు. కలిసి చేసిందేముంది, తిట్టుకోవడమే! నాకు ఒళ్లు మండింది.

"వెళ్లిపోదాం రా."

"ఉండు ఆపా, చివర్లో కలిసిపోతారు" అంటూ మోయిన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

మూడు గంటలు నడిచాక, సినిమాలో వాళ్లు కలవకుండానే ఎవరి కారు వాళ్లెక్కి పోయారు. తాడేపల్లిగూడెం బస్సుకి టైమైందని మోయినూ వెళ్లిపోయాడు. నేను క్లబ్బు నడిపే మాస్టారిని నిలదీశాను.

"ఇదేం సినిమా అండీ?"

"మీ తమ్ముడుగారే అడిగారండీ. కథ ఏదైనా పర్లేదు, అన్నిటికంటే పొడవైంది వెయ్యమన్నారు."

అక్క పక్కన ఇంకాసేపు కూర్చోవాలనుకున్నాడు, పిచ్చి వెధవ. రిక్షాలో దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

షెడ్డు తలుపుకి కొత్త తాళం వేసి ఉంది. గుమ్మం ముందు, నేను సగమే నేసిన తివాచీ. మగ్గం మీంచి కోసి, చక్కగా చుట్టి పెట్టారు.