కల్లుకుండ మీద గొల్లభామ

"కుండ మీదికి ఓ గొల్లభామ వచ్చి కూర్చుంది, చూశావుటే?" పెద్దలకని గుడిసెలో వెనకగోడ దగ్గర పెట్టిన జొన్నకల్లు కుండ చుట్టూ వెతుకుతూ అడిగింది అమ్మ.

తండజిలే ఒళ్ళోని సంచిని దగ్గరికి లాక్కుంది. జోహన్నెస్‌బర్గ్‌లో పురుగుల చదువు చదువుతోంది తను. గొల్లభామ రెక్కల మీది కళ్ళలాంటి చుక్కల్ని బట్టి అది ఏ జాతిదో అంతుపట్టక, తెల్లారగానే దాన్ని పట్టి పురుగుల్ని చంపే మందున్న సీసాలో వేసి సంచిలో పెట్టుకుంది. చచ్చాకే లెన్సు కింద పెట్టి జాతి తేల్చాలి.

"అది ఏ జాతిదంటావమ్మా?" ఉండబట్టలేక అడిగింది.

"జాతేమిటే? అంత చదువు చదివి మీ నాన్నని పోల్చుకోలేవా? చనిపోయిన ఏడాదికి ఇవాళ గొల్లభామై ఇంటికొచ్చాడు."

ఇక సీసా బయటికి తీయక తప్పలేదు. లోపల గొల్లభామ చేతులు ముడుచుకుని కదలకుండా ఉంది.

అమ్మ చిప్పతో కల్లు ముంచి సీసా ముందు పెట్టి, నాన్నని ఇంటిపేరుతో పిలిచి వేడుకుంది.

"కోప్పడకయ్యా మబాసో. పట్నంలో ఉండి పిల్ల మన ఆచారం మరిచిపోయింది. తెలియక చేసింది."

తండజిలే తల ఎత్తలేకపోయింది. పొద్దున మూత బిగిస్తూ, "ఈ ఒక్కసారికి క్షమించు నాన్నా" అన్నది తనే.