నలభై డిగ్రీల లోపు

"పొదుపక్కా, నీ తిండిపోతు మళ్లీ మొదలెట్టింది!" గ్రాఫులు గీసే ఆయన హాలు అవతల నుంచి కేకేశాడు.

ఆమె అసలు పేరు ఆ ల్యాబ్‌లో ఎవరూ పలకరు. మడతపెట్టే ట్యాబ్‌లలో చార్జింగ్ ఆదా చేయడం ఆమె ఉద్యోగం. ట్యాబ్ తెర ఊరికే కూర్చోదు. వేలు తగిలిందా, పెన్ను తగిలిందా అని సెకనుకు వందసార్లు వెతుకుతూనే ఉంటుంది. ఆ వెతుకులాటే బ్యాటరీని తినేస్తుంది. అందుకని ఆమె ఒక రూలు రాసింది. మడత నలభై డిగ్రీల కంటే తక్కువ తెరుచుకుని ఉంటే పెన్ను కోసం వెతకడం మానెయ్యాలి. అంత సందులో చెయ్యి దూర్చి ఎవరు రాస్తారు గనక? తొమ్మిది శాతం ఆదా! ఇవాళ మధ్యాహ్నం రెండింటికి ఆ రూలు నెట్ ద్వారా అన్ని ట్యాబ్‌లలోకీ వెళ్లిపోతుంది.

పరీక్ష కోసం ముప్పై ట్యాబ్‌లను ల్యాబ్‌లోవాళ్లే తలా ఒకటి ఇంటికి పట్టుకెళ్లారు. ఆమె కూడా ఒకటి తీసుకెళ్లి, టీవీ పక్కన పడేసి మర్చిపోయింది. ఎవరింటి సంగతులు ఎవరికీ తెలియకూడదని నంబర్లు కలగాపులగం చేశారు. ఏ నంబరు ఎవరిదో రాసిన రిజిస్టరు ల్యాబ్ పెద్దాయన బీరువాలో ఉంది. హాల్లోకి వచ్చేవి చుక్కలే. పెన్ను తెర మీద ఎక్కడ తగిలిందీ, దానికి ఎంత చార్జింగ్ ఖర్చయిందీ, అంతే.

తిండిపోతంటే ఇరవై మూడో నంబరు. పది రోజులుగా సగం తెరిచీ తెరవకుండా, ముప్పై అయిదు డిగ్రీల దగ్గర ఆగి, బ్యాటరీని నమిలేస్తోంది. మడత బందు పాడై ఉంటుంది, అవి ఉత్తుత్తి చుక్కలు అని అందరూ నవ్వి ఊరుకున్నారు.

"ఇవాళ్టితో దీని తిక్క కుదురుతుందిలే," అందామె.

రెండింటికి ఇంకా పాతిక నిమిషాలుంది. ఊసుపోక ఆ చుక్కలను వరసగా గీతలతో కలుపుకుంటూ పోయింది. ఆ ల్యాబ్‌లో ఎవరూ చెయ్యని పని అది. వాళ్లకు చుక్కంటే ఖర్చు.

గీతలు అక్షరాలయ్యాయి. వంకర టింకర అక్షరాలు.

'తలుపు తియ్యండి.'

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. నిన్నటి చుక్కలు కలిపింది. అదే మాట. మొన్నటివీ అవే. ఆదివారం మాత్రం ఒక్క చుక్క లేదు. మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు దాటితే ఒక్కటీ లేదు.

గ్రాఫులాయన కూడా వంగి చూశాడు. గొంతు తగ్గించాడు. "అన్నీ ఆఫీసు వేళలే అక్కా. అంటే మనవాళ్లలోనే ఎవడో పెళ్లాన్ని లోపల పెట్టి వస్తున్నాడు."

"చేతుల్లో సత్తువ కూడా లేదు పాపం. మడత పూర్తిగా విప్పలేక ఆ సందులోనే రాస్తోంది." ఆమెకు ఒళ్లు మండిపోయింది. "మనిషిని లోపల పెట్టి తాళం వెయ్యడానికి ఆ దుర్మార్గుడికి చేతులెలా వచ్చాయి?"

తలెత్తి హాలంతా చూసింది. కాఫీ కప్పు పట్టుకుని ఇకిలిస్తున్న ఒకడు. గోడవైపు తిరిగి ఫోన్లో గొణుగుతున్న ఇంకొకడు. పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడని, కేబుళ్లు చూసే ఆయన. వీడా? వాడా? రోజూ పలకరించే మొహాలే, ఇప్పుడు ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు.

తెర మీద కొత్త చుక్కలు పడ్డాయి. ఈసారి తొందర తొందరగా, ఒకదాని మీద ఒకటి. వాటినీ కలిపింది.

'పొగ.'

ఆమె పరుగెత్తింది. పరుగెత్తుతూనే ఫైరింజనుకు ఫోన్ చేసింది. "అడ్రసు చెప్పండి," అంది అవతలి గొంతు. "ఒక్క నిమిషం, లైన్లోనే ఉండండి!" అంటూ పెద్దాయన గదిలోకి దూసుకుపోయింది.

సంగతి విని ఆయన చెమటలు తుడుచుకున్నాడు. "గుట్టు బయటపెట్టనని అందరికీ సంతకం చేసిచ్చానమ్మా. లాయరుని ఒక్కమాట అడగనీ."

"లాయరు వచ్చేలోగా అక్కడ మనిషి మసైపోతుంది సార్!"

"పిల్లలు ఆటకి రాసి ఉండొచ్చు కదా. కంగారు పడకు."

"కంగారు పడుతున్నది మీరు. అంత భయమెందుకు సార్? అది మీ ఇల్లేనా?"

పెద్దాయన మొహం మాడిపోయింది. లేచి బీరువా తెరిచాడు. అడుగునెక్కడో ఉన్న రిజిస్టరు కోసం ఫైళ్లన్నీ ఒక్కొక్కటే బయటికి తీస్తున్నాడు. ఆమెకు ఆయన్ని పక్కకి తోసెయ్యాలనిపించింది.

అప్పుడే హాల్లోంచి గ్రాఫులాయన అరిచాడు. "అక్కా! చుక్కలు ఆగిపోయాయి!"

గోడ గడియారం వంక చూసింది. రెండయింది.

"నా రూలు వెళ్లిపోయిందా?"

"వెళ్లింది. దానివల్లే ఆగాయో, మరి..."

ఆమెకు ఏడుపొచ్చింది. తన చేత్తో తనే ఆ గొంతు నొక్కేసింది. పెద్దాయన చేతిలోంచి రిజిస్టరు లాక్కుని బల్ల మీద పరిచింది. చెవి దగ్గర ఫోన్లో అవతలి గొంతు విసుక్కుంటోంది. "అడ్రసు చెప్పండమ్మా. బండి సిద్ధంగా ఉంది."

"చెప్తున్నా, చెప్తున్నా. వాడి అంతు చూడకపోతే నా పేరు మార్చుకుంటా!" అంటూ వేలితో ఒక్కో వరసా దిగింది. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

ఇరవై మూడుకి ఎదురుగా ఉన్న పేరు తనదే. మతి తప్పిన తల్లి దారి తెలియక ఎటో వెళ్లిపోతుందని రోజూ పొద్దున్నే బయట తాళం వేసి ఆఫీసుకు వస్తున్నది ఆమే.