మొదటి విస్తరి

"ఆగు దాదా! ఆ ఆకు ముట్టుకోకు."

జగ్గమ్మ కేకకి ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చేతికర్ర పక్కన పెట్టి గంగ ఒడ్డున ఘాట్ మెట్ల మీద కూర్చున్నాడు. బెంగాలీ మనిషి. చూడ్డానికి పెద్దింటివాడిలాగే ఉన్నాడు, అన్నానికి అంత తొందరేమిటో!

"ఆకలేస్తోంది దీదీ. రైలుకి వెళ్ళాలి," అన్నాడు బెంగాలీలో.

"అందరికీ పెడతాం. ముందర ఆయనకి గంగలో ఒదలాల."

"ఎవరికి?"

జగ్గమ్మ ముఖం మెత్తబడింది. ఏటా ఈ కథ చెప్పడమంటే ఆమెకి ఎంతో ఇష్టం.

బస్తీ గోడలన్నీ సుత్తీ కొడవలి గుర్తులతో ఎర్రగా ఉన్న రోజులు. ఏక్‌బాల్‌పూర్‌లో ఓడరేవు దగ్గరి వాళ్ళ ఇళ్ళ వెనక జనపనార గోడౌన్ అంటుకుంది. ఫైరింజన్లు సందులోకి రాలేకపోయాయి. హెలికాప్టర్ ఒకటి పెద్ద బకెట్ వేలాడేసుకుని వచ్చి, గంగనీళ్ళు తోడి తోడి పోసింది. కింద పిల్లలు తడిసి ముద్దయి గంతులేశారు. అలాంటి వాన మళ్ళీ చూడలేదు. చివరికి ఆ బకెట్ తాడే దేనికో చుట్టుకుని, హెలికాప్టర్ గంగలో కూలిపోయింది.

"అది నడిపిన బాబు శవం కూడా దొరకలేదు దాదా. ఓడరేవు కూలీలం, ఆ బాబు పేరేటో మాకు తెల్దు. అందుకే ఏటా ఈ రోజు మొదటి విస్తరి ఆయనదే. సచ్చినోడి ముద్ద బతికున్నోళ్ళు తినకూడదు."

ముసలాయన నవ్వాడు. "చేపల పులుసు కూడా వేశావే!"

"గంగ మీద ఎగిరినోడికి సేపలు ఇష్టం కాకపోతాయేటి?"

ఆయన నీళ్ళకేసి తిరిగాడు.

"ఆ రోజు ఒక డాబా మీద చిన్నపిల్ల ఉంది. పసుపు గౌను. రెండు చేతులూ ఊపుతోంది. ఆ పిల్ల బతికిందా దీదీ?"

"డాబా మీద పిల్లేటి? అందరం రోడ్డు మీదికి పరిగెట్టీసినాం. నీకెవులో తప్పు సెప్పినారు."

"అలాగా," అంటూ ఆయన మెల్లగా లేచాడు.

"రెండు ముద్దలు తినెళ్ళు దాదా!"

ఆయన చెయ్యి ఊపి, కుంటుకుంటూ ట్రాం రోడ్డెక్కేశాడు.

జగ్గమ్మ విస్తరి గంగలో వదిలింది. అది ఊగుతూ సాగిపోయింది.

అప్పుడొచ్చింది కూతురు మంగాదేవి, చంటిదాన్ని ఎత్తుకుని. జగ్గమ్మ ముసలాయన మాటలు చెప్పి నవ్వింది.

మంగాదేవి నవ్వలేదు.

"అది నేనేనే అమ్మా. హెలికాప్టర్ సూడాలని ఒక్కద్దాన్నే డాబా ఎక్కినాను. నువ్వు కొడతావని ఇన్నాళ్ళూ సెప్పలేదు."

"మరి ఆ ముసలాయనకెవులు సెప్పినారే?"

"ఎవులు సెప్తారమ్మా? ఆ రోజు నన్ను సూసినోడు, నా మీద పడకుండా హెలికాప్టర్ని గంగలోకి తిప్పీసుకున్న ఆ బాబొక్కడే."