చెయ్యి నొక్కిన నిమిషం

"నొక్కేశాడట," అన్నాడు మరిది, తలుపు తోసుకొచ్చి.

నాయకుడు నొక్కేయడం కొత్త సంగతా? ఈసారి ఏ నిధులని అడిగింది వదిన.

"నిధులు కాదొదినా. అన్నయ్య తన చెయ్యి నొక్కాడట. బయట మైకు ముందు నాయకుడు చెబుతున్నాడు. ఆ గోలలో నాకలా వినపడింది."

ఆమె తన చేతిని కొంగులో చుట్టుకుంది.

మంచం మీద ఆమె భర్త. ఒక్క ఈలతో బస్సంతా సర్దించిన కండక్టరు, ఇప్పుడు యంత్రం తోసిన గాలికి గుండె ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. మెదడులో ఇక ఏమీ మిగల్లేదని డాక్టర్లు తేల్చేశారు. నన్ను గొట్టాలకి అప్పగించకని ఆయన ముందే ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ సాయంత్రమే యంత్రం ఆపాలి. సంగతి పేపరుకెక్కింది. ఎన్నికలేమో దగ్గరపడ్డాయి. ప్రాణం తీయనివ్వనంటూ ఇందాకే నాయకుడు కెమెరాలతో దిగాడు. కిక్కిరిసిన గదిలో నిమిషం మౌనం పాటిద్దామని, రోగి చెయ్యి పట్టుకోవడానికి మెడదాకా కప్పిన దుప్పటి కిందికి చెయ్యి దూర్చాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. మంచానికి అటు నాయకుడు, ఇటు ఆమె. కళ్లు తెరిచేసరికి నాయకుడి మొహం పాలిపోయి ఉంది.

అక్కణ్ణుంచి అంతా చేతుల వ్యవహారమే. పైనుంచి ఫోను రాగానే, యంత్రం ఆపలేనని డాక్టరు చేతులెత్తేశాడు. ఆస్పత్రి పెద్దలు చేతులు దులుపుకున్నారు. తలుపు దగ్గర నాయకుడి మనుషులు చేతులు కట్టుకుని కాపలా నిలబడ్డారు. వాళ్లమీద మరిది చెయ్యి చేసుకోబోతే నలుగురూ పట్టుకుని ఆపారు. కదలనివల్లా కండక్టరు చేతులే.

రోజులు గడిచేకొద్దీ ఆయన వీపు పుండ్లు పడింది. గదిలో ఓ వాసన మొదలైంది. అది అబద్ధమని ఒక్క మాట చెప్పు వదినా, పక్కనే ఉన్న భార్యవి, నీ మాట కోర్టు వింటుందని మరిది రోజూ పోరాడు. ఆమె తడిగుడ్డలాంటి భర్త చేతిని పట్టుకుని, "ఏమండీ, ఇంకొక్కసారి" అని గొణిగేది. యంత్రం బుస్సుమనేది.

ఒక మధ్యాహ్నం నాయకుడు మళ్లీ వచ్చాడు. కెమెరాల్లేవు, దండల్లేవు. కళ్ల కింద నల్లగా ఉంది.

"నిద్ర పట్టడంలేదమ్మా," అన్నాడు మెల్లగా. "కళ్లు మూస్తే చాలు, ఆ చెయ్యి వచ్చి నన్ను పట్టుకుంటోంది."

"ఇంకా ఎన్నాళ్లు సార్ ఈ నాటకం?" అన్నాడు మరిది. డాక్టరు గొట్టాలు చూస్తున్నాడు, నర్సమ్మ వంగి దుప్పటి సర్దుతోంది.

"నాటకం కాదయ్యా," అంది వదిన. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ నిమిషంలోనే మీ అన్నయ్య నా చెయ్యి కూడా నొక్కారు. గట్టిగా. వెచ్చగా. బతికున్న మనిషిని చంపమని ఎలా చెప్పను?"



నర్సమ్మ తలెత్తింది. "ఎక్కడ పట్టుకున్నారు సార్?"

"ఇక్కడ. పొట్ట దగ్గర."

"మీరమ్మా?"

"అక్కడే. ఇటువైపు నుంచి వెతికితే దొరికింది."

నర్సమ్మ దుప్పటి కొసని వేళ్లతో నలిపింది. "ఆ రోజు వాపు దిగాలని గుండెలమీద దిండు పెట్టి, దానిమీద ఆయన రెండు చేతులూ పట్టీతో కట్టేశాను. సార్ చెప్పింది నాయకుల మాటల్లో ఒకటి అనుకుని ఊరుకున్నాను. మీరు వెతికిన చోట కండక్టరు గారి చేతుల్లేవమ్మా."

నాయకుడు తన అరచెయ్యి చూసుకున్నాడు. ఆమె తనది చూసుకుంది.

వాళ్లు నొక్కింది ఒకరి చెయ్యి ఒకరు.